బ్యూమారిస్: వెల్ష్ కోట ఊరికి ఫ్రెంచి పేరు

ప్రశ్న: వేల్స్‌లోని కోట ఊళ్లలో కాన్వీ, కార్నార్వన్, హార్లెక్ వెల్ష్ పేర్లేనని తెలుస్తూనే ఉంది. వాటి సరసనే చెప్పే బ్యూమారిస్ మాత్రం ఆ కోవలో లేదు. ఇది ఏ భాష మాటండీ?

జవాబు: ఫ్రెంచి అండీ. 'బో' అంటే అందమైన, 'మరే' అంటే చిత్తడి నేల. 13వ శతాబ్దంలో ఇంగ్లండు రాజాస్థానంలో ఫ్రెంచే నడిచేది కాబట్టి రాజు కట్టించిన ఊరికి ఆ భాషలోనే పేరు పడింది. 'బో' కాస్తా 'బ్యూ' కావడం ఇక్కడే కాదు, హాంప్‌షైర్‌లోని బ్యూలీ కూడా ఒకప్పటి 'బో ల్యూ', అందమైన చోటు.

1294లో మదోగ్ అప్ లవెలిన్ వెంట వెల్ష్ జనం ఇంగ్లండు పాలన మీద తిరగబడ్డారు. దాన్ని అణిచాక ఇంగ్లండు రాజు ఒకటో ఎడ్వర్డ్ 1295 ఏప్రిల్‌లో ఆంగ్లసీ దీవిలో, మెనాయ్ జలసంధి ఒడ్డున ఈ కోట మొదలుపెట్టించాడు. పని చేయించిన జేమ్స్ ఆఫ్ సెయింట్ జార్జ్ మరుసటి ఏడు ఖజానాకు రాసిన ఉత్తరం దొరుకుతోంది. 400 మంది తాపీవాళ్లు, 2,000 మంది కూలీలు, రాయి తేవడానికి 30 పడవలు కావాల్సి వచ్చాయనీ, కూలి డబ్బులు బాగా బకాయి పడ్డాయనీ మొర పెట్టుకున్నాడు. తర్వాత డబ్బు స్కాట్లండ్ యుద్ధాలకు మళ్లింది. కోట నేటికీ అసంపూర్తే.

ప్రశ్న: మరి అంతకుముందు అక్కడ వెల్ష్ ఊరేదీ లేదా?

జవాబు: ఉంది. అసలు చెప్పాల్సింది దాని గురించే. కోటకు మైలు దూరంలో లాన్‌వైస్ అనే ఊరుండేది. రేవు, సంత, వ్యాపారం అన్నీ అక్కడే. 'లాన్' అంటే చర్చి ఆవరణ, 'మైస్' అంటే పొలం. ఈ 'ల' మన 'ల' కాదు, నాలుక అక్కడే ఆనించి గాలి ఊదితే వచ్చే ధ్వని. రెండు మాటలూ కలిసేసరికి 'మ' పోయి 'వ' వచ్చింది. మన గసడదవాదేశంలో 'వాడు పోయె' అన్నది 'వాడు వోయె' అయినట్టు. మనకు మారేది 'ప', వాళ్లకు 'మ', అంతే తేడా. కార్నార్వన్ చివరి 'వన్' కూడా ఇలా మారిన 'మోన్'. ఆంగ్లసీకి వెల్ష్ పేరు అదే.

1237లో చనిపోయిన తన భార్య జోన్ కోసం వెల్ష్ పాలకుడు మహా లవెలిన్ లాన్‌వైస్‌లోనే ఫ్రాన్సిస్కన్లనే క్రైస్తవ సన్యాసులకు మఠం కట్టించాడు. ఆమెదని చెప్పే రాతి శవపేటికను తర్వాతి కాలంలో గుర్రాలకు నీళ్ల తొట్టిగా వాడారు! ఇప్పుడది బ్యూమారిస్ చర్చిలో ఉంది.

కోట పక్కన కొత్త ఊరు వెలిశాక లాన్‌వైస్ వ్యాపారం దానికి పోటీ అయింది. అందుకని అక్కడి జనాన్ని దాదాపు 12 మైళ్ల అవతలికి, దీవి రెండో కొసకు తరలించేశారు. 1303లో వాళ్ల కొత్త ఊరికి రాజు పట్టా ఇచ్చాడు. దాని పేరు న్యూబరో, అంటే మన కొత్తపేట లాంటిదే. వెల్ష్ జనం దాన్ని 'నివ్‌బుర్ఖ్' చేసుకున్నారు, బ్యూమారిస్‌ను 'బివ్‌మారెస్' చేసుకున్నారు. ఈ రెండు పేర్లనూ విడదీసి చెప్పడం అన్యాయమని నా ఉద్దేశం. అందమైన చిత్తడి అని మాత్రమే చెప్పి ఊరుకుంటే లాన్‌వైస్ జనం కథలోంచే మాయమైపోతారు.

ప్రశ్న: తెలుగులో ఎలా రాయాలి? 'బోమరే' అనా?

జవాబు: వద్దండీ, అక్కడెవరూ అలా పలకరు. 'బ్యూమారిస్' అని రాయండి, చాలు.