గేట్ పుస్తకాలు: కొనాలా, దొంగ పీడీఎఫ్‌లు సరిపోతాయా?

ప్రశ్న: విశాఖ మద్దిలపాలెంలో రూమ్ తీసుకుని గేట్‌కి (ఇంజినీరింగ్ వాళ్లు రాసే జాతీయ పరీక్ష) చదువుతున్నా, మెకానికల్. బయటి దేశంలో ఎంఎస్‌కైనా, ఇక్కడ పీఎస్‌యూ (ప్రభుత్వ రంగ సంస్థ) ఉద్యోగానికైనా పోటీ మామూలుగా లేదు. నాన్న పంపే డబ్బు మెస్సుకే సరిపోతోంది. రూమ్మేట్లంతా ఫోన్ గ్రూపుల్లో వచ్చే దొంగ పీడీఎఫ్‌లతోనే లాగించేస్తున్నారు. నేనూ అదే చేయనా?

జవాబు: వద్దు తమ్ముడూ. నాకు దొరికినదాంట్లో థర్మో చాప్టర్ మధ్యలో పేజీలే లేవు, జవాబుల కీ ఇంకో ఎడిషన్‌ది. ఐఐటీ ప్రొఫెసర్ల ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ వీడియో పాఠాలు ఉచితమే కదా. పుస్తకాలకు ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీ చూడు. ఫ్యాన్ కింద సీటు కావాలంటే మాత్రం పెందలాడే వెళ్లాలి!

ఇంకొకరు: 2016లో ఢిల్లీ హైకోర్టు యూనివర్సిటీ కోర్సుప్యాకుల (కోర్సు కోసం వేర్వేరు పుస్తకాల నుంచి తీసి కలిపిన భాగాల) జిరాక్స్‌ను సమర్థించింది. అది బోధన కోసం. మొత్తం పుస్తకం స్కాన్ చేసి గ్రూపుల్లో పంచడం వేరే సంగతి.

అడిగినవారు: సరే అన్నా. పాత ఎడిషన్ అమ్మేవాళ్లుంటే చెప్పండి.