ఐటీఓ గాజు గోధుమ రంగుకు తిరుగుతోంది: లోపం బాత్‌లోనా, గాజులోనా?

స్ఫటిక: అందరికీ నమస్తే. ఐటీఓ గాజు (కరెంటు పారే పారదర్శక ఇండియం టిన్ ఆక్సైడ్ పొర ఉన్న గాజు) మీద జింక్ నైట్రేట్ బాత్ (ద్రావణం) నుంచి కరెంటుతో జింక్ ఆక్సైడ్ పూత వేస్తున్నాను. 70 డిగ్రీల వేడి, సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్‌తో (వోల్టేజ్ కొలవడానికి ఆధారంగా పెట్టే ఎలక్ట్రోడ్) పోలిస్తే మైనస్ 1.2 వోల్టులు. తెల్లగా రావాల్సిన పూత గోధుమ రంగులో వస్తోంది, కడిగినా పోదు. రెసిస్టెన్స్ కూడా బాగా పెరిగింది. ల్యాబ్‌లో అందరూ బాత్‌లో మలినాలంటున్నారు. కొత్త కెమికల్స్ తెప్పించినా అదే రంగు. థీసిస్ గడువు దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

పాత_బీకరు: బాత్‌ను పక్కన పెట్టి ముందు గాజును అనుమానించండమ్మా. ఐటీఓలో సుమారు 90 శాతం ఇండియం ఆక్సైడ్, 10 శాతం టిన్ ఆక్సైడ్. మైనస్ వైపు ఎక్కువ దూరం వెళ్తే ఆ ఇండియం ఆక్సైడే రిడక్షన్ చెంది (ఆక్సిజన్ పోగొట్టుకుని) ఇండియం లోహమవుతుంది. ఆ లోహం సన్నని రేణువులుగా పేరుకుంటే ముందు గోధుమ రంగు, తర్వాత నలుపు. లోహం పుట్టింది కదా, కరెంటు ఇంకా బాగా పారాలి అనిపిస్తుంది. కానీ రేణువులు విడివిడిగా ఉంటాయి, కింద ఆక్సైడ్ పొర పలచబడుతుంది. రెసిస్టెన్స్ పెరిగేది అందుకే.

థర్మోడైనమిక్స్ లెక్కన పీహెచ్ 7 దగ్గర మీ రిఫరెన్స్‌తో మైనస్ 0.8 వోల్టుల నుంచే ఇది సాధ్యం. ద్రావణం ఆమ్లం వైపు జరిగితే పీహెచ్ ఒక్కో అంకెకు 59 మిల్లీవోల్టులు ముందే మొదలవుతుంది. కంటికి కనిపించే మార్పు ఐటీఓ పొర నాణ్యతను, సమయాన్ని బట్టి ఇంకాస్త కిందికి ఉండొచ్చు. మైనస్ 1.2 మాత్రం చాలా ఎక్కువ. అక్కడ జింక్ లోహం కూడా దిగి బూడిద రంగు ఇవ్వగలదు. అందుకే జింక్ లేకుండా పొటాషియం నైట్రేట్‌తో బ్లాంక్ (పోల్చి చూసే ఉత్త పరీక్ష) వేయండి. వేడి, వోల్టేజ్, సమయం అవే ఉంచాలి.

కిటికీ_గాజు: మేం ఇలాంటి పనికి ఎఫ్‌టీఓకి (ఫ్లోరిన్ కలిపిన టిన్ ఆక్సైడ్ పొర ఉన్న గాజు) మారిపోయాం. వాడుకలో అది గట్టిది, 450, 500 డిగ్రీల వేడికీ తట్టుకుంటుంది. అయితే దానికీ రిడక్షన్ తప్పదు. ఎఫ్‌టీఓని ఎచ్ చేయడానికి (పొరను కావలసిన చోట తొలగించడానికి) జింక్ పొడి చల్లి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తాం కదా, అక్కడ జరిగేదే అది: టిన్ ఆక్సైడ్ టిన్‌గా మారి ఆమ్లంలో కరిగిపోతుంది. కాబట్టి ఆమ్ల ద్రావణంలో దాన్నీ లోతుగా మైనస్‌కి తీసుకెళ్లకండి.

స్ఫటిక: సార్, బ్లాంక్ వేశాను. జింక్ లేకుండానే అదే గోధుమ రంగు! ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటిక పదార్థాలను గుర్తించే పరీక్ష) 33 డిగ్రీల దగ్గర చిన్న పీక్ కూడా వచ్చింది. ఇంకో సందేహం. మా సీనియర్ అక్క కార్బన్ డయాక్సైడ్ రిడక్షన్ కేటలిస్ట్‌ని ఐటీఓ మీదే పరీక్షిస్తోంది. ఆ రీడింగ్స్ పనికొస్తాయా?

పాత_బీకరు: ఎక్స్‌రేలకు కాపర్ సోర్స్ అయితే 33 దగ్గర వచ్చేది ఇండియమే.

అక్క విషయం మీ పూత కన్నా ముఖ్యం, ఈ రోజే చెప్పండి. ఇండియం లోహం తానే కార్బన్ డయాక్సైడ్‌ను ఫార్మేట్‌గా (ఫార్మిక్ ఆమ్లపు లవణ రూపం) మార్చే మంచి కేటలిస్ట్. ఉత్పత్తిలో ఫార్మేట్ కనిపిస్తే అది ఆమె పదార్థం చేసిందా, గాజులోంచి పుట్టిన ఇండియం చేసిందా అని ఏ రివ్యూవరైనా అడగాలి. పైగా ఐటీఓ రిడక్షన్‌కు ఖర్చయిన ఛార్జ్ కూడా మొత్తం కరెంట్‌లో కలిసిపోతుంది. ఉత్త ఐటీఓతో అదే ప్రయోగం చేయాలి, తర్వాత కార్బన్ పేపర్ మీద మళ్లీ చేయాలి. ఒక్క గ్రాఫ్ తక్కువైనా పర్వాలేదు, ఈ రెండూ లేకుండా పేపర్ పంపొద్దు.

సోలార్_సైటు: ల్యాబ్ బయటా ఈ సమస్య ఉంది. పాత థిన్ ఫిల్మ్ ప్యానెళ్లలో భూమితో పోలిస్తే మైనస్ వోల్టేజ్‌లో ఉన్న మాడ్యూళ్ల అంచుల్లో తేమ చేరితే, గాజులోని సోడియం కదిలి వచ్చి టిన్ ఆక్సైడ్ పొర దెబ్బతిని ఊడొస్తుంది. అది మళ్లీ బాగవదు. అందుకే అలాంటి చోట నెగటివ్ పోల్‌ని ఎర్త్ చేసి, దానికి వీలైన ట్రాన్స్‌ఫార్మర్ ఇన్వర్టర్ పెట్టేవారు.

స్ఫటిక: అక్క ఉత్త ఐటీఓ బ్లాంక్ మొదలుపెట్టింది. నేను ఎఫ్‌టీఓ మీద మైనస్ 0.9 దగ్గర వేసి చూస్తాను.

కిటికీ_గాజు: వేసే ముందు, వేశాక రెసిస్టెన్స్ రాసుకోండి. ఎఫ్‌టీఓ గరుకుగా, కాస్త మసకగా ఉంటుంది, యూవీ కొలతకు బేస్‌లైన్ (పోలికకు ముందుగా తీసే రీడింగ్) కూడా ఆ గాజుతోనే తీయండి.