యార్కీ కుక్కపిల్లకు లివర్ షంట్: ఆపరేషన్ చేయించినవాళ్లు ఉన్నారా?

మా యార్క్‌షైర్ టెర్రియర్ పిల్లకు ఏడు నెలలు. తిన్న కాసేపటికి మత్తుగా తూలుతుంది, గుండ్రంగా తిరుగుతుంది, గోడకు తల ఆనించి అలాగే నిలబడిపోతుంది. తినకముందు, తిన్న 2 గంటలకు చేసిన బైల్ యాసిడ్ పరీక్షలు (కాలేయం పనితీరు చూసే రక్తపరీక్షలు) రెండూ ఎక్కువే వచ్చాయి. పేగుల రక్తం కాలేయంలోకి వెళ్లకుండా పక్క నాళం గుండా పోయి, అమోనియా మెదడుకు చేరుతోందని డాక్టరు గారి అనుమానం; దీన్నే లివర్ షంట్ అంటారట. ఈ జాతిలో ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బు. దీని తల్లిదండ్రులతో మళ్లీ పిల్లలు పెట్టించొద్దని బ్రీడర్‌కు గట్టిగానే చెప్పాను.

లాక్టులోజ్ (అమోనియాను తగ్గించే మందు), తిండి మార్పుతో కాస్త తేరుకుంది. నాళాన్ని మెల్లగా మూసే అమెరాయిడ్ రింగ్ వేయిస్తే మేలంటున్నారు. హైదరాబాద్ చుట్టుపక్కల సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్), ఈ సర్జరీ ఎక్కడ చేస్తారండీ? ఆపరేషన్ తర్వాత మీ కుక్కకు ఫిట్స్ వచ్చాయా? చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.