బార్బిక్యూ బూడిద 12 గంటల తర్వాత కూడా వేడిగానే ఉంటోంది, ఎలా పారేయాలి?

మాది వైజాగ్ ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంట్, టెర్రస్ మీద చిన్న గ్రిల్ పెట్టి నెలకి రెండుసార్లు వంజరం, చికెన్ కాలుస్తాం. కర్రబొగ్గే, ఒకసారికి రెండు కేజీలు. ఒక శనివారం రాత్రి 10కి అయిపోయింది, ఆదివారం పొద్దున్న 10కి చూస్తే పైన అంతా తెల్లగా చల్లగా ఉంది కదా అని ప్లాస్టిక్ డస్ట్‌బిన్‌లో పోసేశా, పావుగంటలో అడుగు కరిగి కంపు, నివురుగప్పిన నిప్పు అంటే ఏంటో అప్పుడు తెలిసింది. పైగా సముద్రం గాలి ఒకటి, మూత తీస్తే చాలు లోపల బొగ్గు మళ్లీ ఎర్రబడుతుంది.

తర్వాతసారి నీళ్లు పోశా, ఆవిరి గుప్పున చేతికి కొట్టింది, బూడిద బురదైపోయి గ్రిల్ అడుగు తుప్పు పట్టింది. ఇంకోసారి మూత, గాలి కన్నాలు మూసి రాత్రంతా వదిలేశా, పొద్దున్న కలిపితే రెండు ముక్కలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. వేడిది ఇస్తే చెత్త బండి తగలబడుతుందని భయం, మొక్కలకి వేద్దామంటే ఉన్నవి ఆరు కుండీలే.

ఇప్పుడు మూతున్న పాత నూనె డబ్బా ఒకటి ఉంది. అందులో పోసి మూత బిగించి ఎన్ని గంటలు ఉంచితే చెత్త బండికి ధైర్యంగా ఇవ్వొచ్చు?