పగయ, పగయు: "పామున్న యింటిలో" పద్యంలో ఏది?

గోదారిగట్టు:
నాలుగు రోజులుగా ఒక పద్యం సగమే గుర్తొచ్చి సతాయిస్తోంది. "...పామున్న యింటిలో నున్న యట్ల కాక యూఱడిల్లి..." ఇక్కడ ఆగిపోతున్నాను. చిన్నప్పుడు మా ఇంట్లో వడ్ల బస్తాల వెనక్కి పాము దూరింది. బస్తాలన్నీ బయటికి లాగి వెతికినా దొరకలేదు. ఆ రాత్రి మంచాలు వాకిట్లో వేసుకున్నాం. అమ్మ మాత్రం లాంతరు వత్తి తగ్గించకుండా, తెల్లారేదాకా గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. అప్పుడు తాతయ్య చదివిన పద్యం ఇది. మొన్న టీవీలో యుద్ధం వార్తలు చూస్తూ మా అబ్బాయి "ముందే కొట్టేస్తే ఈ టెన్షన్ ఉండదు కదా" అన్నాడు. వెంటనే ఇది నోటికొచ్చింది. రాయబారం నాటకంలో కృష్ణుడి పద్యమేనా?

విశ్రాంత మాస్టారు:
కాదమ్మా. "చెల్లియో చెల్లకో" తిరుపతి వేంకట కవులది. ఇది తిక్కనగారిది. ఉద్యోగపర్వంలో, కృష్ణుడు రాయబారానికి కదలకముందు ధర్మరాజు ఆయనతో అంటాడు.

పగయ కలిగెనేని పామున్న యింటిలో
నున్న యట్ల కాక యూఱడిల్లి
యుండు నెట్లు చిత్త మొకమాటు గావున
వలవ దధిక దీర్ఘవైరవృత్తి

పెన్నఒడ్డు:
మాస్టారూ, "పగయ" కాదు, "పగయు" అని నేను నేర్చుకున్నాను. "పగ కూడా కలిగితే" అని. ఈ ఒక్క అక్షరం మీదే పద్యమంతా నిలబడుతుంది.

విశ్రాంత మాస్టారు:
"కూడా" అనాలంటే ముందు ఇంకొకటి ఉండాలి కదా. దేనితో కూడా? "పగయ" అంటే పగ అంటూ కలిగితే చాలు అని. చివరి అకారం అవధారణ, అంటే నొక్కి చెప్పడం. తిక్కనగారి నడకలో అది ఎంతో సహజం.

ఆటవెలది:
ఛందస్సు ఇక్కడ సాయం చేయదు. పగయ అన్నా పగయు అన్నా మూడు లఘువులే. యతి కూడా చెడదు. మూలం చూడాల్సిందే.

పెన్నఒడ్డు:
చూశాకే అంటున్నాను. వ్యాసుడి శ్లోకం "జాతవైరశ్చ పురుషో దుఃఖం స్వపితి నిత్యదా, అనిర్వృతేన మనసా ససర్ప ఇవ వేశ్మని", అంటే పగ పుట్టినవాడు పామున్న ఇంట్లో ఉన్నట్టు, మనశ్శాంతి లేక ఎప్పుడూ కష్టంగానే నిద్రపోతాడు. ఆ "శ్చ"లో ఉన్న చకారమే, "కూడా" అనే అర్థంతో, మన "యు". దానికి ముందు శ్లోకం "జయో వైరం ప్రసృజతి", అంటే గెలుపు పగను కంటుంది. మాస్టారు దేనితో కూడా అని అడిగారు, గెలుపుతో కూడా. యుద్ధం గెలిచినవాడి ఇంట్లోనూ పాము ఉంటుందని ధర్మరాజు మాట. "పగయ" అంటే అది మామూలు నీతిపద్యం అయిపోతుంది.

విశ్రాంత మాస్టారు:
తిక్కనగారు చకారాలు లెక్కపెట్టి తెనిగించే కవి కాదండీ. భావం పట్టుకుని తన దారిన నడుస్తారు. ఒక్క "శ్చ" మీద అంత బరువు పెట్టకండి.

ఆటవెలది:
నాకు "యు" కన్నా "దీర్ఘ" ముఖ్యం. అధిక, దీర్ఘ అని రెండెందుకు వేశాడు? పాదం నింపడానికి కాదు. మూలంలో కాస్త కిందనే "న హి వైరాణి శామ్యంతి దీర్ఘకాలకృతాన్యపి" అని ఉంది. ఎంతకాలమైనా పగ చల్లారదు, ఎందుకంటే చెప్పేవాళ్ళుంటారు, ఆ వంశంలో ఒక మగవాడు పుడతాడు. దీర్ఘం అక్కడి నుంచి వచ్చింది. అయితే ఇందులో ఒక ప్రమాదం ఉంది. "పగ సాగదీయవద్దు" అన్నది సంధికీ పనికొస్తుంది, గోదారిగట్టు గారి అబ్బాయి అన్నట్టు వెంటనే కొట్టేయడానికీ పనికొస్తుంది. నా ఉద్దేశంలో తిక్కన కావాలనే తలుపు తెరిచి ఉంచాడు.

విశ్రాంత మాస్టారు:
తెరిచి ఉంచలేదు. ఆ ప్రసంగంలోనే "అడంగునే పగం బగ" అని మూసేశాడు. పగతో పగ అణగదు. నెయ్యి పోస్తే నిప్పు పెరుగుతుందని మూలం.

పెన్నఒడ్డు:
అసలు ధర్మరాజు లెక్క చూడండి. అటు 11 అక్షౌహిణులు, ఇటు 7. దుర్యోధనుడు ఆ సంఖ్య చూసి ధీమాగా ఉన్నాడు. ఈయన "ఏకో హ్యపి బహూన్ హంతి, ఘ్నంత్యేకం బహవోఽప్యుత" అంటాడు. ఒక్కడు పదిమందిని చంపొచ్చు, పదిమంది ఒక్కడిని చంపొచ్చు. లెక్కకు అందనిది యుద్ధమని తెలిసే 5 ఊళ్ళకు దిగాడు. కృష్ణుడు తానే వెళతానంటే, వాళ్ళ మధ్యకు పంపడానికి కూడా మొదట మనసొప్పలేదు.

ఇంకొక మాట, నెల్లూరువాడిగా చెప్పాలి. తిక్కన ఇది పుస్తకంలో చదివి రాసినవాడు కాదు. నెల్లూరు రాజు మనుమసిద్ధి దగ్గర మంత్రి. అన్నదమ్ముల వరసైన ఖడ్గతిక్కన పశువుల మందల నాయకుడు కాటమరాజు మీదికి పోయింది ఎందుకు? పుల్లరి కోసం. పశువులు మేసిన గడ్డి పన్ను! ఓడి ఇల్లు చేరితే, భార్య ఆడవాళ్ళకు పెట్టినట్టు స్నానానికి మంచం అడ్డుపెట్టి, పసుపుముద్ద ఉంచిందని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. "పగరకు వెన్నిచ్చినచో", అంటే శత్రువులకు వెన్ను చూపితే, అన్న చాటువు వినే ఉంటారు. ఆయన మళ్ళీ వెళ్ళి ప్రాణం వదిలాడు. ఆ ఇంటి మనిషి "వలవదు" అని రాస్తే నాకు వేరేగా వినిపిస్తుంది.

ఆటవెలది:
చాటువును చరిత్ర చేయకండి. కానీ "పగర" బాగా గుర్తుచేశారు. పగఱు అంటే శత్రువులు, పగ నుంచి వచ్చిందే. దీనిమీద వేరే చర్చ పెడదాం.

విశ్రాంత మాస్టారు:
పుల్లరి మాట ఒప్పుకుంటాను. "యు" మాత్రం ఒప్పుకోను.

గోదారిగట్టు:
ఇప్పుడే అమ్మకు ఫోన్ చేశాను. పద్యమంతా గడగడా చెప్పింది. తాతయ్య "పగయె" అనేవారట, "పగయ" కాదు, "పగయు" కాదు.

ఆటవెలది:
పగయె కూడా మూడు లఘువులే!

విశ్రాంత మాస్టారు:
చూశారా, అదీ అవధారణే. మీ తాతగారు నా పక్షం.

పెన్నఒడ్డు:
తొందరపడకండి మాస్టారూ. గోదారిగట్టు గారూ, అమ్మగారిని ఇంకొక్కటి అడిగి పెట్టండి. తాతగారు దీనికి ముందు పద్యం ఏదైనా చదివేవారా, అందులో గెలుపు మాట ఉందా?