‘ఫోర్స్-విత్-లీజ్ వాడితే ఎవరి కమిట్‌లూ పోవు’ అని రాస్తే ఒప్పుకోవచ్చా?

నమస్తే అండి. మా టీమ్ గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) వాడకం గురించి సొంతంగా రాసుకున్న డాక్యుమెంట్ ఒకటి ఉంది. కొత్తగా చేరినవాళ్లు మొదటి రోజే చదివేది అదే. దానికి వచ్చే మార్పులు రివ్యూ చేసేది నేనే. నిన్న ఒకటి వచ్చింది: "పుష్‌లో --ఫోర్స్ బదులు --ఫోర్స్-విత్-లీజ్ వాడండి. ఎవరి కమిట్‌లూ పోవు."

(కమిట్ అంటే గిట్‌లో సేవ్ చేసిన ఒక మార్పు, పుష్ అంటే కమిట్‌లను సర్వర్‌కి పంపడం. --ఫోర్స్ సర్వర్‌లో ఉన్నదాని మీద రాసేస్తుంది, --ఫోర్స్-విత్-లీజ్ ముందు ఒకసారి సరిచూసి రాస్తుంది.) ఆ "పోవు" దగ్గర ఆగిపోయాను. పోయిన ఏడాది సరిగ్గా ఇదే ఆప్షన్ వాడి, తోటి అమ్మాయి పెట్టిన రెండు కమిట్‌లు సర్వర్‌లోని బ్రాంచ్‌లోంచి (కమిట్‌ల వరుసలోంచి) చెరిపేశాను. తన మెషీన్‌లో ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. ఎలా జరిగిందో ఇప్పటికీ అర్థం కాలేదు. ఈ మార్పు ఒప్పుకోనా, వెనక్కి పంపనా?

జవాబు 1
మీ ఎడిటర్ తనంతట తనే ఫెచ్ చేస్తుంటుందా, అంటే సర్వర్‌లోని కొత్త కమిట్‌లు తెచ్చుకుంటుందా? లీజ్ చూసేది ఒక్కటే: సర్వర్‌లో బ్రాంచ్ ఎక్కడుందో, మీ దగ్గరి ఆరిజిన్ బ్రాంచ్ (సర్వర్ బ్రాంచ్ చివరిసారి ఎక్కడుందో మీ మెషీన్‌లో ఉండే గుర్తు) కూడా అక్కడే ఉందా అని. వెనకాల ఫెచ్ జరిగితే, ఆ కమిట్‌లు మీ కంట పడకపోయినా మీ ఆరిజిన్ బ్రాంచ్ ముందుకు జరిగిపోతుంది. రెండూ కలిశాయి కాబట్టి గిట్ సరేనంటుంది. పుష్ మాన్యువల్‌లోనే ఈ హెచ్చరిక ఉంది. గిట్ 2.30 వెర్షన్‌లో --ఫోర్స్-ఇఫ్-ఇంక్లూడ్స్ అనే ఆప్షన్ తెచ్చింది ఇందుకే. దాన్ని ఒక్కదాన్నే ఇస్తే ఏమీ చేయదు, లీజ్‌తో కలిపి ఇవ్వాలి.

జవాబు 2
చదివి ఒప్పుకోకండి, చేసి చూడండి. పది నిమిషాల పని. ఒక బేర్ రెపో (సర్వర్‌లా వాడే ఉమ్మడి రెపో), దానికి రెండు క్లోన్‌లు (కాపీలు). మొదటి క్లోన్ నుంచి ఒక కమిట్ పుష్ చేయండి. రెండోదాంట్లో అమెండ్ చేసి (చివరి కమిట్‌ను మార్చి) లీజ్‌తో పుష్ చేస్తే "స్టేల్ ఇన్ఫో" (పాత సమాచారం) అని తిప్పికొడుతుంది. ఇప్పుడు ఒక్కసారి ఫెచ్ చేసి అదే పుష్ మళ్లీ కొట్టండి. వెళ్లిపోతుంది, మొదటి క్లోన్ కమిట్ మాయం.

అడిగినవారు
చేశానండి. కళ్లముందే పోయింది! ఎడిటర్‌లో ఆటో ఫెచ్ ఆన్‌లోనే ఉంది. ఇఫ్-ఇంక్లూడ్స్ కలిపితే మాత్రం ఆపింది. మార్పును వెనక్కి పంపి ఇలా రాయమన్నాను: "మీరు చివరిసారి ఫెచ్ చేశాక వచ్చిన కమిట్‌లనే లీజ్ కాపాడుతుంది. ఎడిటర్ చేసేదీ ఫెచ్చే. --ఫోర్స్-ఇఫ్-ఇంక్లూడ్స్ కూడా కలపండి, గిట్ 2.30 లేదా ఆపైది ఉండాలి." మా బిల్డ్ మెషీన్‌లో ఇంకా 2.25 ఉంది, అందుకే వెర్షన్ కూడా రాయించాను.