పాత గేమ్ పెట్టెల పేరుతో నకళ్లు: అమ్మవచ్చా, కొనవచ్చా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

గత నెల బరంపురంలో ఒక పాత సామాన్ల దుకాణంలో తెలుపు, ముదురు ఎరుపు రంగుల గేమ్ పెట్టె చూశాను. నింటెండో సంస్థ 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్ అనీ, అసలుదేననీ దుకాణదారు చెప్పాడు. 9,000 రూపాయలు ఇచ్చి తెచ్చుకున్నాను. చిన్నప్పటి నుంచి ఆ పెట్టె మీద నాకున్న ఇష్టం అలాంటిది.

ఇంటికొచ్చి బొమ్మను టీవీకి పంపే పసుపు వీడియో తీగను తగిలించగానే బొమ్మ చక్కగా వచ్చింది. నాకు అక్కడే అనుమానం రావలసింది. 1983 నాటి పెట్టెకు పసుపు తీగ పెట్టే వీలే లేదు. యాంటెన్నా తీగ ద్వారానే బొమ్మ వస్తుంది, అది కూడా జపాన్ చానళ్ల మీద. రెండో రిమోట్ చూశాను. అసలు పెట్టెలో దానికి స్టార్ట్ బటన్ ఉండదు, బదులుగా చిన్న మైకు ఉంటుంది. నా దానికి మైకు లేదు, అదనంగా రెండు టర్బో బటన్లు (నొక్కి పట్టుకుంటే పదేపదే నొక్కినట్టు పనిచేసేవి) ఉన్నాయి. మరలు విప్పితే బోర్డు మధ్యలో ఒక నల్లటి బొట్టు. అంతే, మొత్తం యంత్రం ఆ బొట్టు కిందే ఉంది.

పాత గేముల మీద మోజు పెరిగిన కొద్దీ మన సరిహద్దు ఊళ్లన్నిటిలో ఇవే కనిపిస్తున్నాయి. అనుమతి లేని ఈ నకళ్ల అమ్మకాన్ని పూర్తిగా ఆపించాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

సోల్డరింగ్ పెద్దాయన, బరంపురం

బాబూ, మీకు జరిగింది మోసమే. కానీ మోసం చేసింది ఆ పెట్టె కాదు, దాన్ని అసలుదని చెప్పిన నోరు.

నేను ముప్పై ఏళ్లుగా టీవీలు, టేప్‌రికార్డర్లు బాగుచేస్తున్నాను. ఠాకురాణి జాతర వచ్చిందంటే అంగళ్లలో ఈ టీవీ గేములు గుట్టలుగా ఉండేవి. ఇచ్ఛాపురం నుంచి, కవిటి నుంచి పిల్లలు రైలెక్కి వచ్చి కొనుక్కునేవారు. అసలు పెట్టె ఎలా ఉంటుందో వారిలో ఒక్కరూ చూడలేదు, చూపించిన దుకాణమూ లేదు. వారికి కాంట్రా అన్నా, మారియో అన్నా ఈ నకలు ఆడించినదే.

ఒక విషయం చెబుతాను. అసలు చిప్‌లో పాటను పుట్టించే చతురస్రాకార తరంగాల వెడల్పును నిర్ణయించే అమరిక ఒకటి ఉంటుంది. చాలా నకళ్లలో అందులోని రెండు స్థానాలు తారుమారయ్యాయి. అందువల్ల పాట స్వరం మారదు, గొంతు మాత్రం కొంచెం వేరుగా ఉంటుంది. మన ప్రాంతంలో పెరిగినవారికి గుర్తున్నది ఆ తారుమారైన గొంతే. ఆ మధ్య ఒకతను అసలు పెట్టె తెచ్చి వినిపిస్తే, పక్కనున్న నా మేనల్లుడు 'దీనిలో ఏదో పాడైంది మామయ్యా' అన్నాడు. అబద్ధపు పెట్టె అని తీసిపారేస్తే ఆ జ్ఞాపకం కూడా అబద్ధమైపోతుందా?

అయినా మెకానిక్‌గా ఒకటి ఒప్పుకోవాలి. నల్ల బొట్టు కింద చిప్ చెడితే నేను చేయగలిగేది ఏమీ లేదు, బోర్డే పారేయాలి. అసలుదానిలో రెండు పెద్ద చిప్‌లు విడివిడిగా ఉంటాయి కాబట్టి మార్చవచ్చు. కొందరు టీవీ మీద గురిపెట్టి ఆడే ఆట తుపాకీ పనిచేయడం లేదని తెస్తారు. తప్పు తుపాకీది కాదు. అది పాత పిక్చర్ ట్యూబ్ టీవీ ముందే పనిచేస్తుంది.

న్యాయశాస్త్ర విద్యార్థిని, రాయగడ

పెద్దాయన గారూ, మీ జ్ఞాపకాన్ని గౌరవిస్తాను. కానీ ఇక్కడ రెండు వేర్వేరు వస్తువులున్నాయి. పెట్టె ఒకటి, అందులోని ఆటలు ఇంకొకటి. 1983 నాటి యంత్రానికి సంబంధించిన పేటెంట్ల కాలం ఎప్పుడో తీరిపోయింది. అదే గేమ్ క్యాసెట్‌ను ఆడించే యంత్రాన్ని సొంతంగా తయారుచేసి సొంత పేరుతో అమ్మితే తప్పుపట్టడం కష్టం. కానీ నింటెండో పేరు, గుర్తు వేసుకుని అమ్మడం ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన. ఇక ఆటల కాపీరైట్ ఇంకా దశాబ్దాలు ఉంటుంది. మన 1957 కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం, నకలు ప్రోగ్రామ్ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2,00,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. లాభం కోసం కాకపోతే కోర్టు జైలు లేకుండా 50,000 లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు.

నష్టం పెద్ద సంస్థలకే అనుకోకండి. స్నెస్9ఎక్స్ అనే ఎమ్యులేటర్‌ను, అంటే పాత గేమ్ పెట్టెలా కంప్యూటర్‌ను పనిచేయించే ప్రోగ్రామ్‌ను, ఔత్సాహికులు రాసి ఉచితంగా ఇచ్చారు. దాన్ని వ్యాపారానికి వాడకూడదని వారి షరతు. అలాంటి ప్రోగ్రాములను టీవీకి తగిలించే గేమ్ స్టిక్‌లలో వేసి, రాసినవారి పేరైనా చెప్పకుండా అమ్ముకుంటుంటే నాకు కడుపు మండుతుంది.

పాత పుస్తకాల మనిషి, గుణుపురం

చట్టం సరే. కొనుక్కుందామంటే ఎక్కడ దొరుకుతాయి? వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో చేసిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో లేవు. అదే సంవత్సరం మార్చిలో నింటెండో తన 3డీఎస్, వీ యూ గేమ్ యంత్రాల ఆన్‌లైన్ దుకాణాలను మూసేసింది. అమ్మని పుస్తకాన్ని జిరాక్స్ తీసుకున్నవాడిని దొంగ అనడానికి నాకు మనసొప్పదు. ఆ జిరాక్స్‌ను తొలి ముద్రణ అని చెప్పి అమ్మినవాడిని మాత్రం వదలకూడదు.

ఇద్దరు పిల్లల అమ్మ, జయపురం

మీరంతా పెట్టె గురించే మాట్లాడుతున్నారు, అడాప్టర్‌ను మరిచారు. దసరాకు పిల్లలకు ఒక గేమ్ స్టిక్ కొన్నాం. పది వేల ఆటలని డబ్బా మీద ఉంది. పేర్లు మార్చి అవే మళ్లీ మళ్లీ వస్తాయి, అది పోనీయండి. మూడో రోజు అడాప్టర్ ప్లాస్టిక్ మెత్తబడి వాసన వచ్చింది. మా చిన్నవాడి చెయ్యి దాని పక్కనే ఉంది. వీడియో గేములకు 2012 ఉత్తర్వు నుంచే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి అనీ, అడాప్టర్లనూ తర్వాత చేర్చారనీ అప్పుడు తెలుసుకున్నాను. 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. మా దాని మీద ఎక్కడా లేదు. కాపీరైట్ సంగతి పెద్దలు తేల్చండి. ఆ నంబరు లేని పెట్టెను నేను మాత్రం ఇక ఇంట్లోకి రానివ్వను.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరివీ చదివాను. అమ్మకమే ఆపాలన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. జాతరలో తక్కువ ధరకు నకలని చెప్పి అమ్మేవాడినీ, నా దగ్గర 9,000 తీసుకున్నవాడినీ ఒకే గాటన కట్టలేను. ఆటల విషయంలో రాయగడ సోదరి చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు.

నిన్న ఆ దుకాణానికి మళ్లీ వెళ్లాను. డబ్బు తిరిగి ఇవ్వనన్నాడు. ఇకపై ధర చీటీ మీద 'నకలు' అని రాయమంటే దానికీ ఒప్పుకోలేదు. ఇంటికొచ్చి నా పెట్టె అడుగున చెరగని సిరాతో నకలు అని తెలుగులోనూ ఒడియాలోనూ రాశాను. రేపు ఎవరి చేతికి వెళ్లినా ఆ మాట దానితోనే వెళుతుంది.

సోల్డరింగ్ పెద్దాయన, బరంపురం

ఆదివారం దాన్ని తీసుకురండి బాబూ. ముందు అడాప్టర్ మార్చేద్దాం.